కొంగుచాటు చేతులు

అచ్చాయమ్మకి లేసు అల్లడం ఎవరూ నోటితో చెప్పి నేర్పలేదు. నోటితో చెబితే వచ్చే పని కూడా కాదది. దారం ఎంత బిగించాలో, ఎక్కడ వదలాలో చెప్పబోతే మాటలు చాలవు. ఎదురుగా కూర్చుని చూడాలి, చూసింది చెయ్యాలి, తప్పితే విప్పాలి.

పాలకొల్లు నుంచి నరసాపురం పోయే కాలవ గట్టున ఉంది ఆ ఊరు. మధ్యాహ్నమైతే ఏ అరుగు మీద చూసినా ఆడవాళ్ళ చేతుల్లో కొక్కెం సూదులు ఆడుతూనే ఉంటాయి. అందరూ దారాన్ని చూపుడు వేలికి చుట్టుకుంటారు. అచ్చాయమ్మ మాత్రం చిటికెన వేలికి రెండు చుట్లు వేసి, ఉంగరం వేలి కిందనుంచి పైకి తెచ్చుకునేది. అలా పట్టుకుంటే అల్లిక మొదటి నుంచి చివరి దాకా ఒకే బిగువున వస్తుంది. ఉతికి గంజి పెట్టి ఆరేసినా పువ్వు మెలి తిరగదు. దారం ఇచ్చి, అల్లిన లేసు పట్టుకెళ్ళే సంపూర్ణమ్మ ఆ చేతులకేసి చూసి చాలాసార్లు అడిగింది.

"ఈ పట్టు ఎక్కడ నేర్చావు వదినా?"

"ఏదో, అలా అలవాటైపోయింది," అనేది అచ్చాయమ్మ.

అది అబద్ధం. ఆ పట్టు సూరమ్మది.

సూరమ్మ అచ్చాయమ్మ తండ్రికి చెల్లెలు. పుట్టు చెవిటిది, అందుకని మాటా రాలేదు. పెళ్ళి చెయ్యలేదు. ఇంటి వెనక వసారాలో చాప వేసుకుని పగలంతా లేసు అల్లేది. తల్లి చేల్లోకి పోతే అచ్చాయమ్మని చూసుకున్నది ఆ సూరత్తే. అందువల్ల అచ్చాయమ్మకి నోటి మాటలూ చేతి మాటలూ ఒకేసారి వచ్చాయి. మీసం మెలేస్తే నాన్న. అరచెయ్యి అడ్డంగా జారిస్తే కాలవ. మోచేతి మీంచి మణికట్టు దాకా రెండు వేళ్ళు మెలికలుగా పాకిస్తే పాము. గడ్డం మీద వేలితో పొడిస్తే అచ్చాయమ్మ, ఎందుకంటే ఆ పిల్ల గడ్డం మీద చిన్న సొట్ట ఉండేది. సూరత్త కోపిష్టి కాదు. ఊళ్ళో పెద్దమనుషులు ఎవరెలా నడుస్తారో చాప మీద రెండు వేళ్ళతో నడిపించి చూపిస్తే, అచ్చాయమ్మ పొట్ట పట్టుకుని నవ్వేది.

తమ్ముడు వీరాస్వామి పాలు తాగే వయసులో ఉండగా సూరత్త జ్వరమొచ్చి పోయింది. అచ్చాయమ్మకి సంబంధాలు చూస్తున్న రోజులవి. "మీ మేనత్త సంగతి ఎక్కడా అనకు," అని తల్లి ఒకసారి చెప్పింది. రెండోసారి చెప్పాల్సిన అవసరం రాలేదు. కొన్నాళ్ళకి తల్లీ పోతే, తమ్ముణ్ణి అచ్చాయమ్మే ఈ ఊరికి, తన కాపురానికి తెచ్చుకుని సాకింది. తనకి అలాంటి మేనత్త ఒకావిడ ఉండేదని కూడా వాడికి తెలీదు.

ఆ తమ్ముడికే కూతురు నాగదుర్గని ఇచ్చి చేసింది. అంతకుముందు నాగదుర్గకి తణుకు నుంచి ఒక సంబంధం వచ్చింది. ఆ పిల్లకి అటు కొంచెం మనసు కూడా పోయింది.

"మావయ్య మంచోడే అమ్మా. కాదన్లేదు. కానీ వాళ్ళూ అడిగి వచ్చారు కదా," అంది.

"నా చేతుల మీద పెరిగినోడు. నిన్ను కంట్లో పెట్టుకుని చూస్తాడు. ఇంట్లో మేనరికం ఉండగా పరాయి గుమ్మం ఎందుకు తొక్కడం?" అంది అచ్చాయమ్మ. భర్త పోయి అప్పటికే కొన్నేళ్ళయింది. కూతురు వేరే ఊరు పోతే తను ఒక్కతే మిగిలిపోతుందన్న మాట పైకి అనలేదు.

పెళ్ళి తొంభై ఒకటిలో అయింది. వీరాస్వామి నిజంగానే కంట్లో పెట్టుకుని చూశాడు. అప్పుడప్పుడే చుట్టుపక్కలంతా చేలు తవ్వి రొయ్యల చెరువులు చేస్తున్నారు. చెరువుల మీద డీజిల్ ఇంజన్లు బాగుచెయ్యడం అతని పని. ఇంజన్ విప్పి చూడకుండా దాని గురించి ఒక్క మాట మాట్లాడడు. విప్పాక కూడా పెద్దగా మాట్లాడడు, బాగుచేసి ఇచ్చేస్తాడు. తొంభై మూడులో రామతులసి పుట్టింది. అచ్చాయమ్మ ఆ పిల్లకి తల్లికి తల్లి కాబట్టి అమ్మమ్మ, తండ్రికి అక్క కాబట్టి మేనత్త కూడా.

ఒకరోజు వీరాస్వామి వాకిట్లో ఇంజన్ పెట్టి తిప్పి చూస్తున్నాడు. అరుగు మీద అచ్చాయమ్మ, సంపూర్ణమ్మ ఒకరి మాట ఒకరికి వినపడక అరుచుకుంటున్నారు. పక్కనే ఉయ్యాల్లో పిల్ల హాయిగా నిద్రపోతోంది.

"ఎంత బుద్ధిమంతురాలే ఇది," అని అరిచింది సంపూర్ణమ్మ. "మా ఇంట్లో గ్లాసు కింద పడితే చాలు, మా మనవడు ఊరంతా లేపుతాడు."

అచ్చాయమ్మ చేతిలో సూది ఆగిపోయింది. దీపావళికి వీధంతా టపాకాయలు పేలుతుంటే వసారాలో సూరత్త అలాగే నిద్రపోయేది.

ఎవరూ లేనప్పుడు ఇత్తడి పళ్ళెం, గరిటె తెచ్చి పిల్ల తల వెనక నుంచుని కొట్టింది. పిల్ల తన కాలి పట్టీతో ఆడుకుంటూనే ఉంది. అచ్చాయమ్మ పళ్ళెం పట్టుకెళ్ళి, శుభ్రంగా ఉన్నదాన్నే మళ్ళీ తోమి అటక మీద పెట్టేసింది. ఎవరికీ చెప్పలేదు.

పిల్లకి మాటలు రాకపోయేసరికి సంపూర్ణమ్మ వస కొమ్ము తెచ్చి ఇచ్చింది. "తేనెలో అరగదీసి నాలిక్కి రాయండి. మా చెల్లెలి కొడుకు నాలుగో ఏట మొదలెట్టాడు, ఇప్పుడు వాడి నోరు మూయించలేకపోతున్నాం."

నాగదుర్గ రోజూ వస రాసేది. కోరుకొండ నరసింహస్వామికి మొక్కుకుని, పిల్లని చంకనేసుకుని మెట్లన్నీ ఎక్కింది. వెనకే అచ్చాయమ్మ కూడా ఎక్కింది. ఎందుకు ఎక్కుతోందో దేవుడికి చెప్పడానికి కూడా ఆవిడకి ధైర్యం చాలలేదు.

చివరికి భీమవరంలో చెవి డాక్టరు జగన్నాథరావు గారి దగ్గరికి తీసుకెళ్ళారు. ఆయన పరీక్షలన్నీ చేసి, ముగ్గుర్నీ కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పాడు.

"ఇది కొన్ని కుటుంబాల్లో రక్తంలో ఉంటుందమ్మా. సగం ఉన్నవాళ్ళకి ఏమీ తెలీదు, బాగానే వినపడుతుంది. తల్లి దగ్గరో సగం, తండ్రి దగ్గరో సగం ఉండి, ఆ రెండూ బిడ్డకే వస్తే ఇలా పుట్టొచ్చు. దగ్గర సంబంధాల్లో రెండు సగాలూ కలిసే అవకాశం ఎక్కువ. మీవాళ్ళలో ఇదివరకు ఎవరికైనా ఉందా?"

"ఎవరూ లేరండి," అన్నాడు వీరాస్వామి. "పాతకాలం సంగతులైతే మా అక్కకి తెలియాలండి."

డాక్టరు అచ్చాయమ్మ వైపు తిరిగాడు.

"గుర్తు లేదండి," అంది.

"పోనీలెండి. రక్తం చేసే పని అయిపోయింది, దాన్ని మీరూ నేనూ మార్చలేం. ఇంక ఇంట్లో మీరు చెయ్యాల్సిన పని ఉంది. ఈ వయసులో పిల్లకి ఏదో ఒక భాష అందాలి. మిషను పెట్టండి, పెదాలు కనపడేలా మాట్లాడండి, చేతులతో చెప్పండి. ఏదీ అందకపోతే ఎంత తెలివున్నా లోపలే ఉండిపోతుంది."

చెవి మిషను పిల్ల రెండు రోజులు పెట్టుకుంది. అది కుయ్యిమంటుంటే పీకి విసిరేసింది. దాన్ని బిస్కెట్ల డబ్బాలో పెట్టేశారు. చేతులతో చెప్పడం సంగతి సంపూర్ణమ్మ తేల్చేసింది.

"చేతులాడించడం అలవాటు చేశారంటే ఇంక నోరెందుకు తెరుస్తుంది? వచ్చే మాట కూడా రాకుండా పోద్ది."

మొగుడూ పెళ్ళామూ ఆ మాట నమ్మారు. ఎప్పటికైనా మాట వస్తుందని ఆశ. అది నిజం కాదని ఆ ఇంట్లో తెలిసిన మనిషి ఒక్కర్తే. ఆవిడ తల వంచుకుని పువ్వు అల్లుకుంటూ కూర్చుంది. చేతులతో మాట్లాడితే, ఇవి ఎక్కడివని అడుగుతారు. సూరత్త పేరు చెప్పాలి. ఆ తరవాత, తెలిసే మాకు పెళ్ళి చేశావా అని అడుగుతారు. పెళ్ళినాడు ఆవిడకి ఈ సగాల సంగతి తెలీదు, అది నిజమే. కానీ పందిట్లో కూతుర్నీ తమ్ముణ్ణీ పక్కపక్కన కూర్చోబెట్టినప్పుడు వసారాలో చాప ఒక్కసారి గుర్తొచ్చింది, అదీ నిజమే. గుర్తొచ్చినదాన్ని అణిచేసి అక్షింతలు వేసింది.

రామతులసి వచ్చి చీర లాగి ఏదో చూపించేది. అచ్చాయమ్మ చేతులు వాటంతట అవే లేచేవి. గడ్డం దాకానో గుండె దాకానో వచ్చేవి. వెంటనే రెండు చేతులూ కొంగులో దూర్చుకుని చంకల కింద బిగించి పట్టుకునేది. పిల్ల ఆ కొంగు వైపు కాసేపు చూసి వెళ్ళిపోయేది.

బదులుగా మిగతావన్నీ చేసింది. ఆకలి వెయ్యకముందే ముద్దలు పెట్టేది. దాహం వెయ్యకముందే నీళ్ళు పట్టేది. వేలు చూపించక ముందే వస్తువు తెచ్చి ఇచ్చేది. అడగాల్సిన అవసరమే లేకుండా చేస్తే అడగలేని లోటు తెలీదనుకుంది. తెలిసింది. పిల్లకి తను అనుకున్నది ఎదటివాళ్ళకి చేరకపోతే ఒళ్ళు తెలీని కోపం వచ్చేది. తల గోడకేసి కొట్టుకునేది, దగ్గరికి వచ్చినవాళ్ళని కరిచేది.

"అచ్చం వాళ్ళ తాత పోలికే," అనేవారు వీధిలో. "ఆయనా ఇంతే, ముక్కు మీద కోపం."

అది తన భర్త నుంచి వచ్చిన కోపం కాదని అచ్చాయమ్మకి తెలుసు. సూరత్తకీ చెవులు వినపడేవి కావు. సూరత్త ఎవర్నీ కరవలేదు.

మిగిలిన దారపు ముక్కలు తీసుకుని పిల్ల తనంతట తానే అల్లడం మొదలుపెట్టింది. చిటికెన వేలికి రెండు చుట్లు. సంపూర్ణమ్మ బుగ్గ నొక్కుకుంది. "చూశావా వదినా, పనితనం రక్తంలో దిగిపోయింది." రక్తంలో దిగిందో, పొద్దస్తమానం ఎదురుగా కూర్చుని చూడడం వల్ల వచ్చిందో అచ్చాయమ్మ చెప్పలేదు. చూస్తే నేర్చుకునే పిల్ల అని మాత్రం అర్థమైంది. ఆ రోజంతా చేసిన లేసు బిగువు తప్పి, మర్నాడు విప్పుకోవలసి వచ్చింది.

రామతులసికి ఆరో ఏడు నడుస్తుండగా, వేసవిలో కాలవలు కట్టేశారు. నీళ్ళు తీసేసిన కాలవలో అక్కడక్కడా మడుగులు మిగిలాయి. పిల్లలంతా బురదలో దిగి చేపలు పడుతున్నారు. రామతులసి కూడా వెళ్ళింది. కాసేపటికి కుంటుకుంటూ, బొంగురుగా ఏడుస్తూ వచ్చింది. పాదం పక్కన చిన్న గాటు, చుట్టూ వాపు. వెంట వచ్చిన పిల్లలు తామేమీ చూడలేదన్నారు.

"పామేమో," అన్నారెవరో.

వీరాస్వామి తువ్వాలు తీసి కాలికి కట్టబోతే పిల్ల అతని చెయ్యి కరిచింది. వాకిట్లో జనం. "ఏం కుట్టిందమ్మా?" "ఎక్కడ చూశావు?" అందరూ ఒకేసారి అడుగుతున్నారు, ఆ పిల్ల వింటుందన్నట్టే. నాగదుర్గ కూతురి మొహం పట్టుకుని, "చెప్పవే, చెప్పవే," అంటోంది.

అచ్చాయమ్మ జనాన్ని తోసుకుని వచ్చి పిల్ల ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. కొంగులోంచి చేతులు తీసింది. కాలి గాటు చూపించి, మోచేతి మీంచి మణికట్టు దాకా రెండు వేళ్ళు మెలికలుగా పాకించి, కనుబొమలు ఎగరేసింది. పామా?

రామతులసి ఏడుపు ఆపేసింది. ఆ చేతుల వైపు కన్నార్పకుండా చూసింది. తరవాత తనూ మోచేతి మీద రెండు వేళ్ళు పాకించింది.

"అవునంటోంది, పామే," అన్నారు జనం.

అచ్చాయమ్మ బొటనవేలూ చూపుడువేలూ కొక్కేల్లా కొరికించి చూపించింది. పీతా? పిల్ల అదీ చేసింది. ముల్లులా వేలు గుచ్చి చూపించింది. అదీ చేసింది. అచ్చాయమ్మ ఏం చేస్తే అది చేస్తోంది. కళ్ళనీళ్ళు కారుతుండగానే, కొత్త అల్లిక చూసినప్పటిలా ఆ చేతుల్నే చూస్తోంది. వాటికి అర్థం ఉంటుందని ఆ పిల్లకి తెలీదు. తెలిసేలా ఎవరూ చెయ్యలేదు.

పాలకొల్లు ఆసుపత్రిలో డాక్టరమ్మ గాటు కడిగి, గుచ్చి చూసి, లోపల విరిగి ఉండిపోయిన జెల్ల చేప ముల్లు తీసింది. పాము కాదు, భయం లేదంది. అయినా సాయంత్రం దాకా ఉంచమంది. వరండాలో బల్ల మీద నాగదుర్గ ఒళ్ళో తల పెట్టుకుని పిల్ల పడుకుంది. వీరాస్వామి గోడకి ఆనుకుని నుంచున్నాడు.

"అక్కా, పామంటే అలా చెయ్యాలని నీకెవరు చెప్పారు?"

అచ్చాయమ్మకి ఇంక కొంగులో దాచడానికి ఏమీ మిగల్లేదు.

"సూరత్త."

"సూరత్తెవరు?"

చెప్పింది. వసారా, చాప, లేసు పట్టు, తల్లి చెప్పిన మాట. డాక్టరు అడిగినప్పుడు తను అన్న మాట కూడా చెప్పింది. వీరాస్వామి తన అరచేతులకి అంటిన ఇంజన్ నూనె రుద్దుకుంటూ విన్నాడు.

"అయితే నాకో మేనత్త ఉండేదన్నమాట," అన్నాడు చివరికి. "నన్ను చూసిందా?"

"నీకు ఉగ్గు పెట్టింది ఆవిడే. పేరు కూడా పెట్టింది." అచ్చాయమ్మ బొటనవేలు నోటి దగ్గర పెట్టి చూపించింది. "ఎప్పుడూ వేలు చీకేవాడివి."

అతను మొహం తిప్పుకున్నాడు.

నాగదుర్గ మాత్రం తల్లి వైపే చూస్తోంది.

"నీకు చేతులతో మాట్లాడ్డం వచ్చు," అంది.

"వచ్చు."

"ఇది పుట్టినప్పట్నుంచీ వచ్చు."

అచ్చాయమ్మ తల ఊపింది.

"పెళ్ళి సంగతి నేనడగనమ్మా. నేనూ సరేనన్నాను. మావయ్యతో నాకే లోటూ లేదు. చెవుల సంగతీ అడగను, అది నీ చేతిలో లేదు. మొన్న ఇది నన్ను కరిస్తే వాత తేలేలా కొట్టాను. ఏం కావాలో తెలీక కొట్టాను. అప్పుడు నువ్వు పక్కనే కూర్చుని పువ్వు అల్లుతున్నావు."



ఇంటికొచ్చాక నాగదుర్గ తల్లితో అవసరానికి మించి మాట్లాడ్డం మానేసింది. కానీ రోజూ మధ్యాహ్నం పిల్లని తీసుకొచ్చి ఎదురుగా కూర్చునేది. "ఇవాళేంటి?" అనేది, అంతే. అచ్చాయమ్మ సూది పక్కన పెట్టి చూపించేది. కొన్ని మరిచిపోయింది. వాటికోసం కళ్ళు మూసుకుని, వసారా గుర్తు తెచ్చుకుని వెతికేది. సంపూర్ణమ్మ వచ్చి, "ఇదేంటి వదినా, నాటకం కట్టారా?" అంటే, "నువ్వూ కూర్చో. నీ నడక ఎలా చేస్తామో చూద్దువుగాని," అంది అచ్చాయమ్మ. సంపూర్ణమ్మ కూర్చుంది. తన నడక చూసి తనే నవ్వింది.

పిల్ల చాలా రోజులు అనుకరిస్తూనే ఉంది. అచ్చాయమ్మ తండ్రిని చూపించి బొటనవేలు నోటి దగ్గర పెడితే తనూ పెట్టేది, గోడని చూపించినా అదే చేసేది. ఒకరోజు అచ్చాయమ్మ అలవాటు చొప్పున ముద్ద మీద ముద్ద పెడుతోంది. రామతులసి అమ్మమ్మ మణికట్టు పట్టుకుని ఆపింది. తన అరచెయ్యి బోర్లా తిప్పి పొట్ట ముందు అడ్డంగా కోసింది. చాలు.

అది అచ్చాయమ్మ వారం కిందట చూపించిన సైగ. ఇప్పుడు ఎవరూ చూపించలేదు. ముద్ద చేతిలోనే ఉండిపోయింది. గుమ్మంలోంచి నాగదుర్గ చూసింది. వచ్చి కంచం తీసింది.

ఆ జూన్‌లో రాజమండ్రిలో చెవులు వినపడని పిల్లల బడిలో చేర్చారు. అక్కడి టీచరుగారు పిల్లతో కాసేపు గడిపి బయటికొచ్చింది.

"చురుకైన పిల్లండి. కాకపోతే ఇంకా ముందు మొదలై ఉంటే బాగుండేది. మూడేళ్ళప్పుడు సులువుగా వచ్చేది ఇప్పుడు కష్టపడి రావాలి. కొన్ని వస్తాయి, కొన్ని ఎంతవరకు వస్తాయో చెప్పలేను." ఆవిడ తల్లిదండ్రులతో చెప్పింది. వినవలసిన మనిషి వెనక బెంచీ మీద కూర్చుని ఉంది.

దసరా సెలవలకి తీసుకురావడానికి అచ్చాయమ్మ, నాగదుర్గ వెళ్ళారు. గేటు దగ్గర పిల్లలంతా గుంపుగా నుంచుని చేతులతో కబుర్లు చెప్పుకుంటున్నారు. ఆ చేతుల వేగం అచ్చాయమ్మకి అందలేదు. పాముకి కూడా వాళ్ళ సైగ వేరేగా ఉంది. సూరత్త మాటలు ఇక్కడ పాతబడిపోయాయి, అయినా ఎక్కడో ఒకటి తెలిసింది. రామతులసి పరిగెత్తుకుంటూ వచ్చింది. వెనకే పెద్ద పిల్ల ఒకతి వచ్చి, తల్లిని చూపించి ఎవరని అడిగింది. రామతులసి చెప్పింది. తరవాత ఆ పెద్ద పిల్ల అచ్చాయమ్మని చూపించింది. ఆవిడ ఎవరు, మీరు ఏ పేరుతో పిలుస్తారు?

రామతులసి ఆలోచించలేదు. నవ్వుతూ రెండు చేతులూ చంకల కింద దూర్చుకుని గట్టిగా బిగించి పట్టుకుంది.

గడ్డం మీద సొట్ట కాదు. దారం చుట్టిన చిటికెన వేలు కాదు. ఆ పిల్ల పుట్టినప్పటి నుంచి చూసింది అదే. అందులో నింద లేదు. తండ్రిది బొటనవేలు, అమ్మమ్మది ఇది, అంతే.

నాగదుర్గ తల్లి వైపు చూసి, "వేరేది చెప్పమననా?" అంది. చాలా నెలల తరవాత అవసరం లేకుండా అన్న మొదటి మాట అది.

"వద్దు," అంది అచ్చాయమ్మ.

లేసు సంచి కింద పెట్టింది. పెద్ద పిల్ల ఇంకా చూస్తోంది. అచ్చాయమ్మ తన రెండు చేతులూ చంకల కింద దూర్చుకుని, తల ఊపి, అవును అది నేనేనని చెప్పింది. తరవాత చేతులు బయటికి తీసి, ఆ పిల్లని నీ పేరేంటని అడిగింది.